తలరాత వేరు, పిలుపు వేరు

పోయిన క్రిస్మస్‌కు మా వదిన కువైట్ నుంచి వచ్చింది. తొమ్మిదేళ్ళలో ఇంటికి రావడం ఇది మూడోసారి. పండగ మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాం. నేల తుడిచే మందులకు ఆమె అరచేతుల చర్మం పగిలిపోయింది. కాయ నొక్కినప్పుడల్లా నొప్పి తగలకుండా బొటనవేలు పక్కకు తిప్పుకుంటోంది. మణికట్టుకు జపమాల చుట్టుకుని ఉంది. ఉన్నట్టుండి అడిగింది: "అబ్బీ, నువ్వు ఆదివారం గుడిలో పిల్లోళ్ళకు దైవపిలుపు, దైవపిలుపు అని చెప్తావు గదా. దేవుడు నన్ను పుట్టించింది ఈ గిన్నెలు తోమేదానికేనా?"

ఆ పూట నేను ఏమీ చెప్పలేకపోయాను. కడప చుట్టుపక్కల ఇదే ప్రశ్న వేరు వేరు నోళ్ళ వింటుంటాను. నాలుగుసార్లు డీఎస్సీ రాసి ఇంట్లో కూర్చున్న కుర్రాడు అడుగుతాడు. మూడు బోర్లు వేసినా చుక్క పడని రైతు అడుగుతాడు. ముప్పై దాటినా పెళ్ళి కుదరని అమ్మాయి బయటికి అడగదు గానీ, పూజ అయ్యాక గుడిలో ఒక్కతే కూర్చుండిపోతుంది. కేథలిక్కులుగా పుట్టి పెరిగిన మాకు కూడా ఈ విషయంలో బోలెడు గందరగోళం ఉంది. ఒక మాట మీద ఇంకో మాట పడి చిక్కుపడిపోయింది. ఆ చిక్కు విప్పుదామనే ఈ ప్రయత్నం.

మొదటి ముడి మన భాషలోనే ఉంది. జ్ఞానస్నానం పొందినా మన నాలుక తెలుగు నాలుకే. "రాసిపెట్టుంటే జరుగుతుంది", "మనకు ప్రాప్తం అంతే", "నుదుట రాసిందాన్ని ఎవరు చెరుపుతారు" అనేవి ఏ మతంవాళ్ళ నోటైనా ఒకేలా వస్తాయి. ఆ మాటల్ని నేను తక్కువ చేయను. కరువు సంవత్సరాల్లో, అప్పులవాళ్ళు గడప తొక్కిన రోజుల్లో, ఆ ఒక్క మాట పట్టుకుని ప్రాణం నిలుపుకున్నవాళ్ళు ఉన్నారు. కానీ "దైవచిత్తం" అని గుడిలో విన్నప్పుడు మనం మనసులో దాన్ని "తలరాత" అని మార్చుకుని వింటున్నాం. ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.

రాత రాసేటప్పుడు మనల్ని ఎవరూ అడగరు. రాసేసిన తర్వాత దానికి మనం చెప్పే జవాబంటూ ఉండదు. పిలుపు సంగతి అలా కాదు. పిలిచేవాడొకడు ఉండాలి, వినేవాడొకడు ఉండాలి. విన్నవాడు పలకవచ్చు, ఊరుకోనూ వచ్చు. బైబిల్లో పిలుపు కథలన్నీ ఇలాగే ఉంటాయి. గబ్రియేలు దూత వచ్చి చెప్పగానే మరియమాత తలవంచి ఊరుకోలేదు, "ఇదెట్లా జరుగుతుంది?" అని అడిగింది. జవాబు విన్నాకే సరేనంది. ఆస్తిపరుడైన యువకుడు, ఉన్నదంతా పేదలకిచ్చి తన వెంట రమ్మన్న యేసు ప్రభువు మాట విని, దిగులుగా వెళ్ళిపోయాడు. ప్రభువు అతని వైపు ప్రేమగా చూశాడని మార్కు సువార్తలో ఉంది. అంత ప్రేమించినవాడు వెంటపడి చెయ్యిపట్టి లాగలేదు, పోనిచ్చాడు. తలరాతే అయితే ఆ యువకుడు వెళ్ళిపోగలిగేవాడా?

రెండో ముడి "పిలుపు" అనే మాటను మనం వాడే తీరులో ఉంది. ఎవరికైనా పిలుపు వచ్చిందంటే గురువులను, అంటే ఫాదర్లను, తయారుచేసే గురువిద్యాలయానికో, కన్యస్త్రీల మఠానికో పోతున్నారని అర్థం చేసుకుంటాం. పాస్కా (ఈస్టర్) కాలంలో నాలుగో ఆదివారం దైవపిలుపుల కోసం ప్రపంచమంతా ప్రార్థించాలని ఆరవ పాల్ పోపుగారు మొదలుపెట్టింది 1964లో. ఆ రోజు మా గుడిలో కూడా పదో తరగతి పిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెడతారు. అదే 1964లో, నవంబరు 21న, లోకమంతటి బిషప్పులు కూడిన రెండవ వాటికన్ మహాసభ శ్రీసభ (కేథలిక్ సంఘం) గురించి ఒక పత్రం వెలువరించింది. అందులో ఐదో అధ్యాయం మొత్తం ఒకే విషయం మీద ఉంది: పవిత్రంగా జీవించే పిలుపు అందరిదీ. గురువులది, పెళ్ళైనవాళ్ళది, వితంతువులది, ఒంటరివాళ్ళది, కూలీలది, రోగులది. మొదటి సంగతి ఊరూరా చేరింది. రెండోది ఇన్నేళ్ళైనా మా అరుగుల దాకా రాలేదు.

ఆ బోధను నేను అర్థం చేసుకున్నంతలో, పిలుపు ఒకదాని లోపల ఒకటిగా మూడుంటాయి. అన్నిటికన్నా లోతుది ప్రేమించడానికి, పవిత్రంగా బతకడానికి వచ్చే పిలుపు. అది జ్ఞానస్నానంతోనే అందరికీ అందుతుంది, ఎవరూ తప్పిపోయేది కాదు. దాని మీద జీవితాంతస్తు: పెళ్ళి, గురుత్వం, మఠజీవితం, లేదా దేవుని కోసం ఒంటరి జీవితం. అన్నిటికీ పైన ఈ సంవత్సరం, ఈ ఊళ్ళో, ఈ చేతులతో చేస్తున్న పని. పైది మారుతూ ఉంటుంది, లోపలిది మారదు. మా వదిన అడిగింది పైదాని గురించి. కానీ లోపలిదాని బరువంతా తెచ్చి దాని మీద పెట్టింది. గిన్నెలు ఆ బరువు మోయలేవు. కలెక్టరు ఉద్యోగం కూడా మోయలేదు.

క్రైస్తవుల ఇళ్ళలో గోడ క్యాలెండరు మీద తరచూ కనిపించే ఒక వాక్యం ఉంది. మీ గురించి నేను ఆలోచించినవి మేలుకే గానీ కీడుకు కావని యిర్మీయా ప్రవక్త ద్వారా దేవుడు చెప్పిన మాట, 29వ అధ్యాయంలోది. ఉద్యోగం వస్తుందని, వీసా వస్తుందని ఆ వాక్యాన్ని పట్టుకుంటాం. అది ఎవరికి రాసిన ఉత్తరమో చూడం. సొంత ఊరు విడిచి, బబులోనుకు బందీలుగా పోయినవాళ్ళకు రాసింది. పైగా డెబ్బై ఏళ్ళు పడుతుందని అందులోనే ఉంది. అంటే విన్నవాళ్ళలో చాలామంది తిరిగి ఇల్లు చూడరు. వాళ్ళకు ముందు చెప్పినది ఇది: ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, మీరున్న ఆ పట్టణం బాగు కోరండి, దాని కోసం ప్రార్థించండి. పరాయి దేశంలో పనిచేసే మనిషికి ఇంతకన్నా సూటిగా రాసిన ఉత్తరం నాకు కనపడలేదు. ఆ వాక్యాన్ని క్యాలెండరులో విడిగా అచ్చువేసి మనవాళ్ళు దానికి అన్యాయం చేశారని నా బాధ.

అయితే ఏ పని పడితే అది దేవుడిచ్చిందేనని సరిపెట్టుకోమని దీని అర్థం కాదు. జీతం ఎగ్గొట్టడం, పాస్‌పోర్టు లాక్కుని పెట్టుకోవడం దైవచిత్తం కానే కాదు. కూలివాడి కూలి ఆపడం ఆకాశానికి మొరపెట్టే పాపాల్లో ఒకటని శ్రీసభ సత్యోపదేశం అనే బోధల పుస్తకంలో స్పష్టంగా ఉంది.

పదును చూసి విత్తనం

మరి ఏది పిలుపో, ఏది మన కోరికో, ఏది పక్కింటివాళ్ళ కోరికో తెలిసేదెట్లా? ఈ విషయంలో నేను ఎక్కువగా నేర్చుకున్నది లొయోలా ఇగ్నేషియస్ దగ్గర. ఆయన స్పెయిన్ దేశపు సైనికుడు. 1521లో పంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు తగిలి కాలు విరిగింది. నెలల తరబడి మంచం మీద ఉండిపోయాడు. వీరుల కథలు చదువుదామని అడిగితే ఆ ఇంట్లో అవి లేవు, క్రీస్తు చరిత్ర, పునీతుల (సెయింట్ల) చరిత్రలు తెచ్చిచ్చారు. ఇంక ఏ పనీ లేక రెండు రకాల ఊహలు చేసుకునేవాడు. ఒకటి, ఒక గొప్పింటి స్త్రీ మెప్పు కోసం ఎంత వీరత్వం చూపిస్తానో. రెండోది, ఆ పునీతుల్లాగా తానూ చేస్తే ఎట్లా ఉంటుందో. ఊహించుకునేటప్పుడు రెండూ బాగానే ఉండేవి. అయిపోయిన తర్వాత మొదటిది మనసును ఎండగట్టేది, రెండోది చాలాసేపు చల్లగా ఉంచేది. ఆ తేడా కనిపెట్టడంతోనే ఆయన పద్ధతి మొదలైంది.

అనంతపురం ఎర్రనేలల్లో సేద్యం చేసేవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. వాన పడగానే విత్తనం వెయ్యరు. చప్పుడు చేసి పడిన వాన ఒక్కోసారి పైపైన పారి వంకలో కలిసిపోతుంది. రైతు చేలోకి పోయి మన్ను తవ్వి, పిడికిట్లోకి తీసుకుని పిసికి, పదును ఎంత లోతు దిగిందో చూస్తాడు. సంతోషం కూడా అంతే. రిట్రీట్‌లో, అంటే కొన్ని రోజుల ప్రార్థన కూటంలో, పాటలు పాడుతున్నప్పుడు కళ్ళనీళ్ళు రావడం వాన. పది రోజుల తర్వాత, మామూలు మంగళవారం నాడు, అదే ఆలోచన మనసును ఇంకా తడిగా ఉంచిందా అన్నది పదును.

ఇగ్నేషియస్ చెప్పిన నియమాల్లో ఒకటి నేను అడిగినవాళ్ళకల్లా చెప్తాను. మనసు ఎండిపోయి, ప్రార్థన సాగక, అంతా చీకటిగా ఉన్నప్పుడు పాత నిర్ణయం మార్చుకోవద్దు. పదును లేనప్పుడు విత్తనం వెయ్యకూడదు గదా. ఇంకొకటి: ఏదీ తేలకపోతే, నీకేమీ కాని మనిషి ఎవరో ఇదే చిక్కుతో నీ దగ్గరికి వచ్చాడనుకో, అతనికి ఏం చెప్తావో ఆలోచించి, అదే నువ్వు చెయ్యి. లేదా, చనిపోయే గడియలో ఉన్నావనుకుని, అప్పుడు ఏది ఎంచుకుని ఉంటే బాగుండేదనిపిస్తుందో చూడు. రెండు మంచి విషయాల మధ్యే ఈ పద్ధతి పనికొస్తుంది. పాపం చెయ్యాలా వద్దా అన్నదానికి వివేచన అక్కర్లేదు.

ఇక్కడ ఒక సంగతి ఆగి చెప్పాలి. ఇంత పద్ధతి కనిపెట్టినవాడే తన పిలుపును మొదట సరిగ్గా పట్టుకోలేకపోయాడు. జెరూసలేములోనే బతికి అక్కడే సేవ చెయ్యడం దేవుని చిత్తమని గట్టిగా అనుకున్నాడు. 1523లో అక్కడికి చేరాడు. ఆ పుణ్యస్థలాల బాధ్యత చూసే ఫ్రాన్సిస్కన్ సభవాళ్ళు ఉండనివ్వక వెనక్కి పంపేశారు. ముప్పై దాటిన వయసులో బార్సిలోనాలో చిన్నపిల్లల పక్కన కూర్చుని లాటిన్ వ్యాకరణం నేర్చుకున్నాడు. 1540లో, తోటివాళ్ళతో కలిసి పెట్టిన జెసూట్ అనే గురువుల సభకు పోపుగారి అనుమతి వచ్చాక, మిగిలిన జీవితమంతా రోములో ఒక గదిలో వేలాది ఉత్తరాలు రాస్తూ గడిచింది. జెరూసలేము మళ్ళీ చూడలేదు. తలుపు మూసుకుపోతే పిలుపే తప్పనుకునేవాళ్ళకు ఈ ముక్క చెప్పాలనిపిస్తుంది.

అమ్మ మొక్కు

నా సంగతి కూడా చెప్పకపోతే ఇదంతా చదివి చెప్పిన పాఠంగానే మిగులుతుంది. నాలుగేళ్ళప్పుడు నాకు జ్వరం వచ్చి బతకననుకున్నారట. మా అమ్మ మరియమాత స్వరూపం ముందు మోకరించి, వీడు బతికితే నీ కొడుకు సేవకే ఇస్తానని మొక్కుకుంది. పదో తరగతి అయ్యాక, నా పేరు తెల్లరంగుతో రాయించిన రేకుపెట్టెతో గురువిద్యాలయంలో చేరాను. అక్కడ ఎవరూ నాకు లోటు చెయ్యలేదు. కానీ గురువునవుతానని ఊహించుకున్న ప్రతిసారీ లోపల ఏదో ఎండిపోయేది. సాయంత్రాలు చిన్న పిల్లలకు లెక్కలు చెప్పేటప్పుడు మాత్రం గంట ఎప్పుడు కొట్టారో తెలిసేది కాదు. మూడేళ్ళకు పెట్టె తెచ్చేసుకున్నాను.

అమ్మ ఒక్క మాట అనలేదు. గుడిలో ముందు కూర్చునే మనిషి అప్పట్నుంచి వెనక గోడ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టింది. బర్రె చచ్చిపోతే మొక్కు చెల్లలేదని. బోరు ఎండిపోతే మొక్కు చెల్లలేదని. పన్నెండేళ్ళు అట్లా నడిచింది. నాకు బడిలో ఉద్యోగం వచ్చింది, పెళ్ళైంది, పిల్లలు పుట్టారు. అయినా దేవుని దగ్గర దొంగిలించిన బతుకు బతుకుతున్నట్టే ఉండేది.

ఒక పెద్దవయసు ఫాదర్ గారు మా విచారణకు, అంటే మా గుడి పరిధికి, వచ్చారు. పాపసంకీర్తనంలో, గురువు ముందు తప్పులు ఒప్పుకునేటప్పుడు, ఈ సంగతి చెప్పుకున్నాను. బయటికి వచ్చాక, నన్ను అడిగి, అమ్మను పిలిపించి కూర్చోబెట్టారు. శ్రీసభ చట్టం పుస్తకం తెచ్చి 1193వ నియమం చూపించారు. మొక్కు మొక్కినవాళ్ళనే తప్ప ఇంకొకరిని కట్టదని అందులో ఉంది. అమ్మకు అది ఎక్కలేదు. అప్పుడాయన అన్నారు: "అమ్మా, పక్కవాళ్ళ పొలం నువ్వు రాసిస్తే రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేస్తారా?" అమ్మ కాసేపు ఆయన వైపు చూసి, "చెయ్యరు నాయనా" అంది. "మరి వీడి బతుకు నీ పేర ఉందా?" అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. పన్నెండేళ్ళ తర్వాత ఆ నవ్వు చూశాను. సొంతంగా మొక్కుకున్న మొక్కును తగిన కారణం ఉంటే మార్చే అధికారం విచారణ గురువుకు ఉంటుంది. ఆయన అమ్మకు ఇచ్చింది ఒకటే: బతికినన్నాళ్ళు శనివారం గుడి ఊడవమని.

ఆ రోజు ఆయన చెప్పిన ఇంకో రెండు సంగతులు మన ఇళ్ళలో అందరూ తెలుసుకోవాలి. ఎవరినీ బలవంతంగా గురుత్వంలోకి నెట్టకూడదని అదే చట్టం నిషేధిస్తోంది. బలవంతం వల్లనో, తప్పించుకోలేని భయం వల్లనో జరిగిన పెళ్ళి శ్రీసభ దృష్టిలో అసలు చెల్లదు. పిలుపును ఇంతగా కాపాడుతున్నది స్వేచ్ఛే. ఆ స్వేచ్ఛను మనం ప్రేమ పేరుతో, పరువు పేరుతో, మొక్కు పేరుతో తీసేసుకుంటున్నాం.

అట్లాగని పెద్దల మాట అక్కర్లేదని కాదు. బైబిల్లో బాలుడు సమూయేలును దేవుడు మూడుసార్లు పిలిస్తే మూడుసార్లూ అతను ముసలి యాజకుడు ఏలీ దగ్గరికే పరుగెత్తాడు. పిలుస్తున్నది దేవుడని పోల్చుకున్నది చూపు మందగించిన ఏలీయే. ఏలీ చేసింది అంతే. నాలుగోసారి జవాబు పిల్లవాడే చెప్పాలి. కర్నూలు జిల్లా పోలూరులో 1961లో పుట్టిన పూల ఆంథోనీ గారు ఏడో తరగతి తర్వాత పేదరికంతో చదువు ఆపాల్సి వచ్చింది, మిషనరీలు చెయ్యి అందించారు. 1992లో కడప మేత్రాసన (బిషప్పు పరిధి) గురువయ్యారు, 2008లో కర్నూలు పీఠాధిపతి (బిషప్పు), 2022లో తెలుగువాళ్ళలో మొట్టమొదటి కార్డినల్. చెయ్యి అందించేవాళ్ళు లేక బడి మానేసిన పిల్లల్లో ఎన్ని పిలుపులు వినపడకుండా పోతున్నాయోనని ఆ సంగతి తలచుకున్నప్పుడల్లా అనుకుంటాను.

అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ పేరు తెలియని ఊరు తక్కువ. ఆయన కథ మాత్రం సులభంగా ఒక అచ్చులో ఒదగదు. 1952లో జెసూట్‌గా ఇండియాకు వచ్చి, మహారాష్ట్రలో పేద రైతులతో బావులు తవ్విస్తూ పనిచేశారు. 1968లో దేశం విడిచి పోవాల్సి వచ్చింది. తిరిగి వచ్చి 1969లో అనంతపురం చేరారు. 1970లో జెసూట్ సభను విడిచి పెళ్ళి చేసుకున్నారు. ఇచ్చిన మాటను శ్రీసభ చిన్న విషయంగా చూడదు, నేనూ చూడను. ఆయన మనసు లోపలిది తూచే త్రాసు నా దగ్గర లేదు. నాకు కనపడేది ఇది: అంతస్తు మారింది, ఊరు మారింది, పేదవాడి వైపు తిరిగిన ముఖం 2009లో కన్నుమూసేదాకా మారలేదు. ఆయన సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రి ముందు వరుసలో నిలబడిన ఆడవాళ్ళను చూస్తే, లోతున ఉండే పిలుపు ఎంత మొండిదో అర్థమవుతుంది.

ఒప్పుకోవడం, సర్దుకుపోవడం

పిలుపు తెలియడం ఒక ఎత్తు, దాన్ని ఒప్పుకోవడం ఇంకో ఎత్తు. ఇక్కడ మన భాష మళ్ళీ మనల్ని తికమక పెడుతుంది. "సర్దుకుపో" అని చెప్పి దానికి "దేవుని చిత్తం" అని పేరు పెడతాం, ముఖ్యంగా ఆడవాళ్ళకు. తాగొచ్చి కొట్టే మొగుడిని సిలువగా మోయమని చెప్పినవాళ్ళను నేను చూశాను. ఒంటికో ఆత్మకో ప్రమాదం తెచ్చే భర్త నుంచి గానీ భార్య నుంచి గానీ విడిగా ఉండే హక్కును శ్రీసభ చట్టమే ఇచ్చింది. సర్దుకుపోయేటప్పుడు మనిషి తనను తాను కుదించుకుంటాడు. ఒప్పుకునేటప్పుడు నిటారుగా నిలబడి అవునంటాడు.

సిలువ వేయడానికి ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువు మొదట అడిగింది ఈ పాత్రను, అంటే రాబోయే బాధను, తొలగించమని. చెమట రక్తపు బొట్లుగా కారేంత ఆవేదనలో అడిగాడు. తర్వాతే మీ చిత్తమే కానిమ్మన్నాడు. ఒక్కసారితో తేలలేదు, మూడుసార్లు అదే ప్రార్థన చేశాడు. పరలోక జపంలో మనం రోజూ గడగడా చెప్పేసే "మీ చిత్తము" అన్న మాట వెనక ఆ రాత్రి ఉంది. తప్పించమని మొరపెట్టుకోవడం అవిశ్వాసం కాదు. ఒప్పుకోవడానికి పోయే దారిలో అదొక మజిలీ.

ఇంకో కష్టం: ఒప్పుకున్నా, ఎందుకో తెలియకపోవచ్చు. దేవుడు తనకొక పని అప్పగించాడని, అది ఇంకెవరికీ ఇవ్వలేదని, కానీ అదేమిటో ఈ జన్మలో తనకు తెలియకపోవచ్చని ఇంగ్లండులో జాన్ హెన్రీ న్యూమన్ 1848లో రాసుకున్నాడు. అప్పటికి ఆయన ఆంగ్లికన్ సభ విడిచి కేథలిక్ సభలోకి వచ్చి మూడేళ్ళు కూడా కాలేదు. పాత స్నేహితులు దూరమయ్యారు, కొత్తవాళ్ళు పూర్తిగా నమ్మలేదు. ఆ తర్వాత తలపెట్టిన పెద్ద పనులు కొన్ని మధ్యలోనే ఆగిపోయాయి. 2019లో శ్రీసభ ఆయన్ను పునీతుడిగా ప్రకటించింది. తన పని ఏమిటో తెలియకుండానే దాన్ని చేసిన మనిషి.

వదిన ప్రయాణానికి నాలుగు రోజుల ముందు నేనే ఆమె దగ్గర కూర్చున్నాను. జవాబు చెప్పలేదు, ఇగ్నేషియస్ పద్ధతిలో ఒక ప్రశ్న అడిగాను: "వదినా, పోయిన సంవత్సరం మొత్తంలో నీ మనసు నిండినట్టు అనిపించింది ఎప్పుడు?" చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత చెప్పింది. ఆ ఇంట్లో ఒక ముసలామె ఉంది. మంచం దిగలేదు. కన్నబిడ్డలు పలకరించి వెళ్ళిపోతారు. వదిన రాత్రి పని ముగించుకుని పోయి చెయ్యి పట్టుకుంటే గానీ ఆమెకు నిద్ర పట్టదు. ఇద్దరి దేవుళ్ళ పేర్లు వేరు, భాషలు వేరు. ఎడమచెయ్యి ఆమె చేతిలో పెట్టి, కుడిచేత్తో జపమాల తిప్పుకుంటుందట. "అది జీతంలో లేని పని అబ్బీ, ఎవురూ చెయ్యమని చెప్పలే" అంది. తర్వాత తనే అడిగింది: "పాప నర్సింగు ఇంకా రెండేండ్లుంది. అంతవరకూ పోతా. ఈసారి శుక్రవారం గుడికి పంపమని ముందే అడుగుతా. ఒప్పుకోకపోతే వేరే ఇల్లు చూసుకుంటా. తప్పా?"

తప్పు కాదన్నాను.

బయల్దేరింది శనివారం. చెన్నై బస్సు రాత్రికి. సాయంత్రం ఇంట్లో కనపడకపోతే వెతుక్కుంటూ గుడికి పోయాను. లోపల బెంచీలన్నీ ఒక పక్కకు జరిపి ఉన్నాయి. అమ్మ పీఠం వైపు నుంచి ఊడ్చుకుంటూ వస్తోంది. వదిన కొంగు బొడ్లో దోపుకుని, రెండో పరక తీసుకుని, తలుపు వైపు నుంచి మొదలుపెట్టింది.